పాత క్యాంపర్ వ్యాన్: తక్కువ తిరిగిన ఇంజిన్‌ని నమ్మొచ్చా?

గుణుపురం_గూడుబండి

నమస్కారం అండి. మాది ఒడిశాలోని గుణుపురం. విజయనగరంలో క్యాంపర్‌గా మార్చిన ఫోర్స్ ట్రావెలర్ ఒకటి అమ్మకానికి ఉంది. పొట్టి వీల్‌బేస్, 2016 రిజిస్ట్రేషన్. లోపల నాలుగు పడకలు, చిన్న వంటగట్టు, వంద లీటర్ల నీళ్ళ ట్యాంకు, 150 ఏహెచ్ (ఆంపియర్-అవర్) ట్యూబులర్ బ్యాటరీలు రెండు. మీటరు 1.1 లక్షల కి.మీ. గత నాలుగేళ్ళలో 9 వేలే తిరిగిందట, పొగ నియమాల్లో బీఎస్4 అట. ఇంకోచోట టాటా వింగర్ మీద కట్టింది ఉంది: 2019 బండి, మీటరు 1.6 లక్షల కి.మీ. మేం తిరిగేది కొరాపుట్, దేవమాలి, దారింగ్‌బాడి వైపు. అంతా ఘాట్ రోడ్డే. ఇంజిన్ పరంగా దేన్ని తీసుకోవాలి, కొనేముందు ఏమేం చూడాలి?

సుంకిఘాట్

తమ్ముడూ, ఆ 9 వేలు చూసి మురిసిపోకు. నాలుగేళ్ళలో 9 వేలంటే బండి తిరిగిన రోజులకన్నా పడుకున్న రోజులే ఎక్కువ. ట్యాంకు సగం ఖాళీగా నిలబెడితే వానాకాలం చెమ్మ లోపల నీరై అడుగుకి చేరుతుంది, తుప్పు రేపుతుంది. ఆ నీరే పంపుకీ, సిలిండర్లలోకి డీజిల్ చిమ్మే ఇంజెక్టర్లకీ పోతుంది. డీజిల్ ఫిల్టర్ కింద డ్రెయిన్ స్క్రూ ఉంటుంది. ఓ గాజు సీసాలోకి పావు లీటరు వదిలించి పది నిమిషాలు కదపకుండా ఉంచు. అడుగున నీటి పొర గానీ ఎర్రమట్టి లాంటిది గానీ తేరితే ట్యాంకు దింపి కడగాల్సిందే. ఫిల్టర్ ఒక్కటీ మారిస్తే సరిపోదు.

రెండోది, మీటరు చెప్పని అరుగుదల. ఏసీ కోసమో బ్యాటరీ చార్జింగ్ కోసమో రాత్రిళ్ళు ఇంజిన్ ఆన్‌లో ఉంచితే కిలోమీటర్లు పెరగవు, బేరింగులు మాత్రం అరుగుతాయి. ఎక్కువ బండ్లు నడిపే ఫ్లీట్ వాళ్ళు గంట ఐడిలింగ్‌ని 40-50 కి.మీ. కింద లెక్కేస్తారు. ఏడాదికి అరవై రాత్రులు రెండేసి గంటలు నడిపినా, మీటరులో లేని 5 వేలు అక్కడే ఉన్నట్టు. అందుకని ఆయిల్ ఎన్ని కిలోమీటర్లకి మార్చారని అడగకు, ఏ ఏ తేదీల్లో మార్చారో బిల్లులు అడుగు. బండి కదిలినా కదలకపోయినా ఏడాదికోసారి ఆయిల్ మారాలి.

ఇంకోటి. బీఎస్4 దేశమంతటా తప్పనిసరి అయింది 2017 ఏప్రిల్ 1 నుంచి. 2016 బండి బీఎస్3 కూడా కావచ్చు. అదేం తప్పు కాదు గానీ, ఆర్‌సీ చూడకుండా నోటిమాట నమ్మకు. బానెట్ ఎత్తి పంపు కూడా చూడు. రోటరీ పంపు (పాత మెకానికల్ రకం) అయితే మన ఊళ్ళ మెకానిక్కే బాగుచేస్తాడు. కామన్ రైల్ (కంప్యూటర్ నడిపే డీజిల్ పద్ధతి) అయితే స్కానర్ ఉన్నవాడి దగ్గరికి పోవాలి.

నాజిల్_మేస్త్రి

పై మాటలన్నీ నిజమే. చూసే వరుస చెబుతాను. వరుస తప్పితే బండి మీ దగ్గర నిజం దాచేస్తుంది.

ముందురోజే ఫోన్ చేసి "మేం వచ్చేదాకా స్టార్ట్ చెయ్యకండి" అని చెప్పండి. వెళ్ళగానే వాల్వ్ కవర్ (ఇంజిన్ నెత్తిన ఉండే మూత) మీద చెయ్యి వెయ్యండి. వెచ్చగా ఉంటే టీ తాగి వెనక్కి వచ్చేయండి, మర్నాడు చూడొచ్చు. అమ్మేవాడు వేడి చేసి ఉంచాడంటే చల్లని స్టార్టింగ్‌లో ఏదో ఉందన్నమాట.

చల్లగా ఉంటే రేడియేటర్ పై హోస్ నొక్కండి. రాత్రంతా నిలబడ్డ బండికి అది మెత్తగా ఉండాలి. రాయిలా గట్టిగా ఉంటే సిలిండర్ గ్యాసు నీళ్ళలోకి వస్తోందేమో, హెడ్ గ్యాస్కెట్‌ని (సిలిండర్ల పైన బిగించే సీలుని) అనుమానించాలి. మూత తీసి చూస్తే నీరు తుప్పురంగులో ఉందా? కూలెంట్ కాకుండా బోరు నీళ్ళు పోసి నడిపారు. లోపల గార కట్టి ఉంటుంది.

ఇప్పుడు సెల్ఫ్ కొట్టించి ఒకరు సైలెన్సర్ దగ్గర నిలబడండి. మొదటి నాలుగు సెకన్లు తెల్లపొగ వచ్చి పోతే పరవాలేదు. కళ్ళు మండే డీజిల్ వాసనతో నిమిషం దాటినా తెల్లగానే వస్తుంటే ఇంజెక్టరో కంప్రెషనో. తియ్యటి వాసనైతే కూలెంట్. నీలం అయితే ఆయిల్.

ఐడిల్‌లో ఆయిల్ మూత విప్పి తిరగేసి రంధ్రం మీదే పెట్టండి. పాత డీజిల్‌కి మూత కొంచెం వణకడం మామూలే. ఎగిరి పడితే బ్యాక్ కంప్రెషన్ కొడుతున్నట్టు, అంటే సిలిండర్ గ్యాసు పిస్టన్ పక్కనుంచి కిందికి జారుతోంది. చాలామంది ఇక్కడే "ఇంజిన్ బోరుకొచ్చింది", అంటే సిలిండర్లు అరిగిపోయాయి అని తేల్చేస్తారు. ఆగండి, బ్రీదర్ పైపు (ఆ గ్యాసు బయటికి పోయే దారి) పూడిపోయినా ఇలాగే ఎగురుతుంది. అది ఊడదీసి మళ్ళీ చూడండి. అప్పటికీ తగ్గకపోతే కంప్రెషన్ టెస్ట్ పెట్టించండి. సిలిండర్ల మధ్య తేడా 15 శాతం దాటితే ఆ బండి జోలికి పోవద్దు.

కామన్ రైల్ అయితే రిటర్న్ టెస్ట్ (ఇంజెక్టర్లు వెనక్కి వదిలే డీజిల్‌ని కొలవడం) కూడా చేయించండి. నాలుగు ఇంజెక్టర్ల రిటర్న్ పైపులకీ నాలుగు సీసాలు కట్టి ఐడిల్‌లో ఐదు నిమిషాలు. మూడింట్లో సమానంగా ఉండి నాలుగోది రెట్టింపు నిండితే ఆ ఇంజెక్టర్ పోయింది. అన్నీ ఎక్కువగా నిండితే సెట్టు మొత్తం.

ఆ తర్వాత ఘాట్. విజయనగరం నుంచి సాలూరు వచ్చేసరికి ఇంజిన్ వేడెక్కి ఉంటుంది. అక్కడినుంచి సుంకి ఘాట్ ఎక్కించండి, నీళ్ళ ట్యాంకు నిండుగా, నలుగురు మనుషులతో. ఖాళీ బండి ఎక్కడం పరీక్ష కాదు. ప్రతి 300 మీటర్ల ఎత్తుకీ నీరు మరిగే వేడి దాదాపు ఒక డిగ్రీ తగ్గుతుంది. కొరాపుట్ ఎత్తులో 97 దగ్గరే మరుగుతుంది. మరగకుండా ఆపేది రేడియేటర్ మూత పట్టే ప్రెషరూ, కూలెంటూ. మూత స్ప్రింగు పోయి, లోపల ఉత్త నీళ్ళే ఉంటే కింద విజయనగరంలో మంచిగా తిరిగిన బండే పైన ఆవిరి కక్కుతుంది. ఎక్కేటప్పుడు వేడి చూపే మీటరు ముల్లు కొంచెం పైకి పోయి, చదును రాగానే దిగాలి. ఎక్కిన చోటే ఆగిపోతే రేడియేటరో, ఫ్యాన్ క్లచ్చో చూడాలి.

ఎక్కేటప్పుడు లోడ్ మీద విడవకుండా నీలం పొగ అంటే రింగులు గానీ టర్బో గానీ. దిగేటప్పుడు రెండో గేరులో కాలు తీసి కొంతదూరం వచ్చి, మళ్ళీ యాక్సిలరేటర్ తొక్కగానే ఒక్క గుప్పు వచ్చి పోతే వాల్వ్ గైడ్ సీళ్ళు. ఇది చిన్న పని, దీనికోసం బండి వదులుకోనక్కర్లేదు.

జయపురం_పానా

వింగర్ గురించి ఎవరూ చెప్పలేదు గనక: అది ముందుచక్రాల బండి, అంటే ఇంజిన్ తిప్పేది ముందు చక్రాల్నే. క్యాంపర్ చేసేటప్పుడు బరువంతా వెనక పెడతారు. నిటారు ఎక్కుడులో ముందు టైర్లకి పట్టు తగ్గుతుంది, వానలో మట్టిదారి అయితే మరీను. స్టీరింగ్ పూర్తిగా తిప్పి మెల్లగా కదిలిస్తే టక్ టక్ మంటే డ్రైవ్ షాఫ్ట్ జాయింట్ అరిగింది. రోడ్డు మీద మాత్రం నడక ట్రావెలర్ కన్నా మెత్తన. దేవమాలి వైపు మట్టిదారుల్లో తిరగాలంటే నా ఓటు వెనకచక్రాల ట్రావెలర్‌కే.

"కొత్తగా బీఎస్6 తీసుకో" అని ఎవరైనా అంటే, డీపీఎఫ్ (పొగలోని మసిని పట్టే ఫిల్టర్) సంగతి చూసుకోండి. ఫిల్టర్‌లోని మసి కాలాలంటే హైవే మీద ఆగకుండా ఇరవై నిమిషాలైనా పరుగు ఉండాలి. నెలకోసారి తీసి పది కిలోమీటర్లు తిప్పి పెట్టే బండికి అది కుదరదు.

బరువు మాత్రం కాటా వేయించండి. 19 ఎం.ఎం. ప్లైవుడ్ షీటు ఒక్కటే 35-40 కిలోలు. క్లచ్చు, టర్బో, రేడియేటర్ త్వరగా పోయాయంటే చాలాసార్లు ఇంజిన్ తప్పు కాదు, వడ్రంగి తప్పు.

గుణుపురం_గూడుబండి

అన్నలూ, ట్రావెలర్ చూసొచ్చాను. చల్లని స్టార్ట్ బాగుంది, హోస్ మెత్తగా ఉంది. మూత వణికింది గానీ పడలేదు. డీజిల్ సీసాలో నీళ్ళు లేవు. ఘాట్‌లో ముల్లు లేచి దిగింది. దిగేటప్పుడు ఒక్కసారి నీలం గుప్పు. కాటా మాత్రం నీళ్ళూ మనుషులూ లేకుండా వేయిస్తేనే ఆర్‌సీలో ఉన్న గ్రాస్ వెయిట్ (మనుషులూ సామానుతో కలిపి ఉండదగ్గ గరిష్ఠ బరువు) కన్నా 140 కిలోలే తక్కువ వచ్చింది. మేం నలుగురం.

జయపురం_పానా

లెక్క వేద్దాం. నలుగురు 280, నీళ్ళు 100, వంట గ్యాస్ సిలిండర్ 30. మొత్తం 410. ఉన్న ఖాళీ 140. అంటే బట్టలు సర్దకముందే 270 ఎక్కువ.

ట్యూబులర్ రెండూ కలిపి 120 కిలోల దాకా ఉంటాయి. వాటిని సగానికి మించి వాడకూడదు గనక చేతికొచ్చేది 150 ఏహెచ్. 200 ఏహెచ్ లిథియం ఫాస్ఫేట్ ఒకటి 25 కిలోలే, వాడుకునేది 160. అక్కడ 95 తగ్గింది. కాకపోతే దాన్ని నేరుగా ఆల్టర్నేటర్‌కి కలపొద్దు, మధ్యలో కరెంటుని అదుపు చేసే డీసీ-డీసీ చార్జర్ పెట్టండి, లేదంటే ఆల్టర్నేటర్ కాలుతుంది. నీళ్ళు 40 లీటర్లకి దించితే 60. ఇంకా 115 ఎక్కువే. ఇద్దరే వెళ్తే సామాన్లకి 25 కిలోలు మిగులుతాయి.

నాజిల్_మేస్త్రి

ఇంజిన్ వరకు తీసుకోవచ్చు. సీళ్ళ ఖర్చు బేరంలో తగ్గించుకోండి. నలుగురూ వెళ్ళాలంటే పై రెండు పడకలూ, వాటి ప్లైవుడ్డూ తీసేసి మళ్ళీ కాటా వేయించాకే అడ్వాన్స్ ఇవ్వండి. ఆర్‌సీలో బాడీ టైపు కూడా చూడండి. ఇంకా 13 సీట్లనే రాసి ఉంటే ఆ మార్పు అమ్మేవాడి పేరు మీదే ఆర్టీఓలో నమోదు చేయించి, బండిని ఒడిశాకి మార్చుకోవడానికి ఫారం 28 ఎన్ఓసీ (నిరభ్యంతర పత్రం) తీసుకున్నాకే మిగతా డబ్బు.