నికెల్ బ్యాక్‌కి తెలుగు: అణానా, బేడా?

ప్రశ్న: అమ్మ డాలస్ వచ్చింది. టీవీలో అమెరికన్ ఫుట్‌బాల్ చూస్తూ, "ఆ వెనక్కి వెనక్కి పరిగెత్తేవాళ్లెవర్రా?" అంది. ఎదుటి జట్టు విసిరే బంతిని అడ్డుకోవడానికి వెనక వరుసలో ఆడే డిఫెన్సివ్ బ్యాక్‌ని "వెనుక రక్షకుడు" అన్నాను. "ఎవరికి అంగరక్షకుడు?" అంది. సరైన మాట చెప్పండి.

జవాబు: రక్షకుడు కుదరదండీ, కావలి అనండి. కార్నర్‌బ్యాక్ గట్టు కావలి. మైదానం అంచున రిసీవర్‌కి, అంటే విసిరిన బంతిని పట్టే ఎదుటి జట్టువాడికి, ఎదురుగా నిలబడి, ఆట మొదలవగానే వెనక్కి అడుగులేస్తాడు. ఎటు తిరగాలో రిసీవర్‌కి తెలుసు, ఇతనికి తెలియదు. అందుకే చూపు అతని నడుం మీద పెడతాడు. తల, భుజాలు ఎటైనా ఊపి మోసం చేయొచ్చు, నడుం అంత తేలిగ్గా అబద్ధమాడదు. బంతి గాలిలో ఉండగా రిసీవర్‌ని లాగాడా, అది పాస్ ఇంటర్‌ఫెరెన్స్ అనే తప్పు. అమెరికా ప్రొఫెషనల్ లీగ్ ఎన్‌ఎఫ్‌ఎల్‌లో అయితే తప్పు జరిగిన చోటికే బంతి తెచ్చి పెడతారు. ఇక వెనక లోతుగా నిలబడి అంతా చూసే ఫ్రీ సేఫ్టీ మంచె కావలి. (రెండు పాయింట్ల స్కోరు పేరు కూడా సేఫ్టీయే. అదో తలనొప్పి.)

నాకు ముచ్చటేసింది నికెల్, డైమ్. మామూలుగా బ్యాక్‌లు నలుగురు. అయిదోవాడొస్తే నికెల్, అంటే అయిదు సెంట్ల నాణెం. ఆరోవాడూ వస్తే డైమ్, అంటే రెండు నికెల్‌లు. మన బేడ కూడా రెండణాలే కదా! ఒకడు ఎక్కువైతే అణా, ఇద్దరైతే బేడ. ఏడుగురుంటే క్వార్టర్ అంటారు, అది పావలా. ఎక్కువైంది ముగ్గురే, కానీ క్వార్టర్ అంటే అయిదు నికెల్‌లు, పావలా అంటే నాలుగణాలు. లెక్క అక్కడ వాళ్లకీ తప్పింది, మనకీ తప్పుతుంది.

మరొకరు: కావలి మరీ కదలని మాటలా ఉందన్నా. 2015 సూపర్‌బౌల్, అదే ఎన్‌ఎఫ్‌ఎల్ ఫైనల్, గుర్తుందా? న్యూ ఇంగ్లండ్ 28-24 ముందుంది, సియాటిల్ గోల్ గీతకు ఒక్క గజం దూరంలో ఉంది. న్యూ ఇంగ్లండ్ తరఫున అదనంగా దిగిన కార్నర్ మాల్కమ్ బట్లర్, రిసీవర్ కంటే ముందు దూకి సియాటిల్ ఆటగాడు విల్సన్ వేసిన బంతిని పట్టేశాడు. దాన్ని కాపలా అంటామా? గద్ద కోడిపిల్లను తన్నుకుపోయినట్టుంది.

జవాబు: ఇలా ఎదుటివాళ్లు విసిరిన బంతిని పట్టేసే ఇంటర్‌సెప్షన్‌కి "తన్నుకుపోవడం" ఖాయం చేసేద్దాం తమ్ముడూ. నేను "అడ్డగించి పట్టుట" అని రాసుకున్నా, కొట్టేస్తున్నా.

ప్రశ్న వేసినవారు: గట్టు, మంచె అమ్మకు వెంటనే ఎక్కాయి. బేడ దగ్గర మాత్రం, "నాకేం తెలుసురా, అది మా నాన్న కాలం లెక్క" అంది.