కందెన “వేయని” బండా, “పెట్టని” బండా?

పల్నాటి పాఠకుడు:
పాత మారుతీ 800కి ముందు చక్రాల లోయర్ ఆర్ములు (చక్రాన్ని బండి అడుగుకు కలిపే కింది చేతులు) మార్చి, వాటి కీళ్ళలో ఉండే రబ్బరు బుష్షుల (గొట్టాల్లాంటి మెత్తలు) బదులు పాలీయురేథేన్ (పాలీ, రబ్బరు కంటే గట్టి ప్లాస్టిక్) బుష్షులు వేసుకునే పద్ధతి మీద తెలుగులో ఒక కరపత్రం సిద్ధమవుతోంది. బుష్షులు కిర్రుమనే భాగానికి “కందెన వేయని బండికి కావలసినంత సంగీతం” అని శీర్షిక పెడదామనుకుంటే, నాలుక మీద “కందెన పెట్టని” అనే ఆడుతోంది. ఏది అసలు పాఠం? దీని ముందు ఇంకేదో పాదం ఉన్నట్టు కూడా లీలగా గుర్తు.

శకటరేఫ:
ఆ “పెట్టని” ఎక్కడినుంచి వచ్చిందో తెలుస్తూనే ఉంది. సుమతి శతకంలోని “యిరుసునఁ గందెనఁ బెట్టక” మీ సామెతలోకి దూరింది. ముందు పాదం గుర్తున్నదీ అదే. కందెన అంటే ఆముదంలో గడ్డి మసి కలిపి నూరిన ముద్ద. నూనె పోస్తారు, ముద్ద పెడతారు. కాబట్టి “పెట్టని” అనడమే సబబు.

గుండ్లకమ్మ:
మాస్టారూ, బండి తోలేవాళ్ళ నోట “కందెన వెయ్యి” అన్నదే ఎక్కువ. “పరమేశ్వరుని బండియైన” అనే పద్యంలో గణాల కోసం “పెట్టక” పడి ఉంటుంది.

శకటరేఫ:
రెండూ పొరపాటే. “బెట్టక” గురువు, రెండు లఘువులు. “వేయక” కూడా అంతే. రెండూ భగణాలే కనుక గణం కోసం మాట మార్చాల్సిన పని కవికి లేదు. ఇక “పరమేశ్వరుని” కాదు, “పరమేశ్వరు”. పరమే, శ్వరుబం, డియైన, బాఱదు, సుమతీ: ఇవీ అయిదు గణాలు. కందంలో ఇక్కడ మూడో గణం జగణమో (లఘువు, గురువు, లఘువు) నలమో (నాలుగు లఘువులు) కావాలి. “డియైన” చక్కని జగణం. మధ్యలో ఒక్క “ని” చొప్పిస్తే శ్వరుబం కాస్తా శ్వరునిబం అయి ఒక మాత్ర ఎక్కువవుతుంది, వెనక గణాలన్నీ జరిగిపోతాయి. ప, బా యతి కూడా చెడుతుంది.

గుండ్లకమ్మ:
“ని” విషయం ఒప్పుకుంటున్నాను. అయితే మీ లెక్కే సామెతకు కట్టండి. కందెన, వేయని, బండికి, కావల, సినంత: అన్నీ నాలుగేసి మాత్రలు. “పెట్టని” అన్నా నాలుగే. ఛందస్సు ఇక్కడ ఎవరి పక్షమూ కాదు. చెవికి మాత్రం “వేయని”లో సాగే ఏత్వమే కిర్రుమనే చప్పుడులా వినిపిస్తుంది.

ఆటోనగర్:
క్రియ సంగతి తర్వాత చూద్దాం. ఆ శీర్షిక రబ్బరు బుష్షుల పేజీ మీద పడితే జనం నిజంగానే గ్రీజు పూస్తారు. ఇరుసు తిరుగుతుంది, రబ్బరు బుష్షు మెలితిరుగుతుంది. రబ్బరు లోపలి గొట్టానికీ బయటి గొట్టానికీ అతుక్కుని ఉంటుంది. ఆర్ము కదిలితే రబ్బరే సాగి మెలిపడుతుంది తప్ప, ఒకదాని మీద ఒకటి జారే చోటు లేదు. కందెనకు పని లేదు సరే, హాని కూడా: మామూలు గ్రీజులోని ఖనిజ నూనెను సహజ రబ్బరు పీల్చుకుని ఉబ్బి మెత్తబడుతుంది, గొట్టం దగ్గర అతుకు ఊడుతుంది. పాలీ అలా కాదు. లోపలి గొట్టం దాని మీద జారుతూ తిరుగుతుంది, పొడిగా బిగిస్తే కొద్ది రోజులకే సంగీతం మొదలు. కిట్‌తో వచ్చే సిలికాన్ గ్రీజు బుష్షు లోపలి గోడకూ, పక్క అంచులకూ బాగా పట్టించాలి. అంచులు మరచిపోవడమే ఎక్కువగా జరిగే తప్పు.

పల్నాటి పాఠకుడు:
అన్నా, ఇది కరపత్రంలో ఉండి తీరాలి. బిగించే క్రమం కూడా చెప్తారా?

ఆటోనగర్:
చక్రం నట్లు బండి నేల మీద ఉండగానే వదులు చేయాలి. జాకీ మీద కాదు, స్టాండ్ల మీద నిలపాలి. ఈ బండిలో స్టెబిలైజర్ బార్ (మలుపుల్లో బండి ఒరగకుండా ఆపే కడ్డీ) కొస ఆర్ములోకే దూరి, ఆర్ము ముందుకూ వెనక్కూ జరగకుండా పట్టి ఉంచుతుంది. ఆ కొసన వాషర్ల వంపు ఏ వైపుందో విప్పకముందే ఫొటో తీసుకోండి. నకిల్ (చక్రాన్ని మోసే ఇనుప భాగం) దగ్గర బాల్ జాయింటును (ఆర్ము బయటి కొసనుండే గుండు కీలును) పట్టే బోల్టును వదులు చేస్తే చాలదు, పూర్తిగా లాగెయ్యాలి. కాడ మీది గాడిలో ఆ బోల్టు కూర్చుని ఉంటుంది, అది ఉండగా సుత్తితో కొడితే నకిల్ పాడవుతుంది. పాత బుష్షును గ్యాస్ మంటతో కాల్చి తీయొద్దు, ఆర్ము పలుచని రేకుతో ప్రెస్ చేసింది. వైసులో రెండు సాకెట్లు పెట్టి నొక్కితే వస్తుంది: తోసేది బుష్షు బయటి గొట్టం కంటే కొంచెం చిన్నది, అందుకునేది పెద్దది.

రబ్బరు బుష్షే మళ్ళీ వేస్తే, ఆర్ము లోపలి కొస (బండి వైపు) బోల్టును చక్రాలు గాలిలో ఉండగా బిగించొద్దు. బండిని దింపి, ముందు భాగాన్ని మూడు నాలుగు సార్లు నొక్కి వదిలి, దాని మామూలు ఎత్తులో బిగించాలి. గాలిలో బిగిస్తే బండి దిగగానే రబ్బరు మెలిపడి అలాగే ఉండిపోతుంది, తొందరగా చిరుగుతుంది. పాలీకి ఆ బాధ లేదు. ఆర్ములు రెండు వైపులా కలిపే మార్చాలి, చివర టో (ముందు చక్రాలు లోపలికో బయటికో తిరిగి ఉండే కోణం) చూపించాలి.

కడసీల:
స్టెబిలైజర్ కొసన కాజిల్ నట్టు (పైన గాళ్ళున్న నట్టు), అది తిరగకుండా గుచ్చే స్ప్లిట్ పిన్ను ఉన్నాయి కదా. బండి చక్రం జారకుండా ఇరుసు చివర గుచ్చేది కడసీల. స్ప్లిట్ పిన్నుకు ఇంతకంటే మంచి తెలుగు మాట ఎందుకు?

ఆటోనగర్:
మాట బాగుంది. అయితే పిన్ను రంధ్రం కలవకపోతే నట్టును వెనక్కి తిప్పొద్దు, ముందుకే బిగించి కలపాలి అనీ, పిన్ను ప్రతిసారీ కొత్తదే వేయాలి అనీ దాని పక్కనే రాయండి. కడసీల తీసి మళ్ళీ అదే గుచ్చుతారు, స్ప్లిట్ పిన్నును అలా వాడితే విరుగుతుంది.

గుండ్లకమ్మ:
“కందెన”కు “కందు” మూలమని నా నమ్మకం. ఇరుసు రాపిడికి కందిపోకుండా చేసేది కందెన.

శకటరేఫ:
కందిపోయేది చర్మమండీ, కర్ర కాదు. ఆ లెక్కన మసి వల్ల నల్లగా ఉంటుంది కాబట్టి కందెన అన్నా చెల్లుతుంది. ఏకంగా “కందం”తోనూ చుట్టరికం కలపొచ్చు! కందం మాటకొస్తే, నూరు నీతులను నూరు చోట్ల అదే కొలతలో ఇమిడ్చి, ఎక్కడా బిగువు సడలనివ్వని పనితనం ఆ శతకకారుడిది. ఆ పద్యం మొదటి సగం ఎవరికీ గుర్తుండదు, కరణాల మీద ఉంది కనుక. బండి ఉన్న రెండో సగం మాత్రం ఊరూరా నిలిచింది.

కడసీల:
మెకానిక్కులు దీన్ని “సైలెంట్ బుష్షు” అంటారని ఎవరూ అనలేదే. మౌనంగా ఉండేది సైలెంట్ బుష్షు, పాడేది కందెన లేని బండి.

పల్నాటి పాఠకుడు:
సామెత పాలీ పేజీకే పరిమితం చేస్తున్నాను. బార్ కొసన కూడా పాలీయే వేయొచ్చా అన్నది మిగిలింది.

ఆటోనగర్:
రబ్బరు గట్టిదనం షోర్ ఏ కొలతలో మామూలుగా 60, 70 మధ్య ఉంటుంది. పాలీ 80 దాటి 95 దాకా. ఆర్ము పైకీ కిందికీ ఆడేటప్పుడు బార్ కొస కొంచెం వాలాలి. అక్కడ మరీ గట్టిది వేస్తే వాలదు, పట్టేస్తుంది. లోపలి కొసకు పాలీ, బార్ కొసకు కొత్త రబ్బరు. రోజూ తిరిగే బండికి అదే మంచిది.

శకటరేఫ:
సామెతలో మాత్రం “పెట్టని” అనే వేయండి. పద్యం కూడా ఇస్తున్నట్టయితే “బాఱదు”లో బండి ఱ పడిందో లేదో ప్రూఫులో చూడండి. బండి గురించి రాస్తూ బండి ఱను వదిలేయడం బాగుండదు.

గుండ్లకమ్మ:
మీరే “వేయండి” అన్నారు మాస్టారూ.