బాపు తనకు షుగరే లేదంటున్నడు, ఎట్ల మాట్లాడాలె?

అందరికీ నమస్తే. మాది నర్సంపేట దగ్గర పల్లె, నేను హనుమకొండల ఉంట. బాపుకు 58 ఏండ్లు. పోయిన నెల పరీక్షల మూడు నెలల సగటు షుగర్, అదే హెచ్‌బీఏ1సీ, 9.4 వచ్చింది. 6.5 ఉంటేనే షుగర్ జబ్బు కింద లెక్క. బాపేమో "మిషన్ తప్పు చూపిచ్చింది, పొద్దంతా పత్తి చేన్ల కష్టపడెటోనికి షుగరేంది" అంటడు. గోలీలు డబ్బాల అట్లనే ఉన్నయి.

మా తాతకు షుగర్‌తోనే కాలు తీసేసిండ్రు. చివరిదాక ఆయనను ఎత్తుకొని తిప్పింది బాపే. అందుకే ఇది మొండితనం కాదు, భయం అనిపిస్తది. తట్టుకోలేని నిజాన్ని మనసు లేదనుకుంటదట, దాన్ని నిరాకరణ అంటరని చదివిన. మనసు తనను తాను కాపాడుకునే ఇసొంటి పద్ధతులను 1936లో అన్నా ఫ్రాయిడ్ అనే మానసిక విశ్లేషకురాలు వివరంగ రాసింది. చదువుతుంటే నా సంగతి కూడా కనబడ్డది. బాపు మీది కోపం ఫోన్ పెట్టేసినంక నా కొడుకు మీద తీస్తున్న. వాడు ఐదేండ్ల పిలగాడు, వానికేం తెలుసు.

రిపోర్టు ముందట పెట్టి వాదిస్తే బాపు ఇంకా బిగుసుకపోతున్నడు. తాత ముచ్చట నేనే తియ్యాల్నా, ఆయనంతట ఆయన తీసేదాక ఆగాల్నా? మొన్న మడమకు పుండు చూసిన. నొప్పే లేదంటడు. షుగర్‌తోని కాళ్లల్ల స్పర్శ తగ్గితే కూడా నొప్పి తెల్వదు, అందుకే ఆ మాటే నన్ను ఎక్కువ భయపెడుతున్నది. మీ ఇంట్ల పెద్దోళ్లతోని ఇట్ల అయితే, ఏ మాటతోని మొదలుపెట్టిండ్రో చెప్పుండ్రి.