10 గిగ్ కార్డులు ఉన్నా ఈఎస్ఎక్స్ఐ హోస్ట్ నుంచి హోస్ట్‌కి కాపీ 18 ఎంబీ దాటట్లేదు, ఎక్కడ చూడాలి?

విశాఖ_అడ్మిన్
అందరికీ నమస్తే. మా ఆఫీసులో రెండు ఈఎస్ఎక్స్ఐ 6.7 హోస్టులు (ఒకే సర్వర్ మీద చాలా వర్చువల్ మెషీన్లు నడిపే వీఎంవేర్ సాఫ్ట్‌వేర్ ఉన్నవి) ఉన్నాయి, వీసెంటర్ (హోస్టులన్నిటినీ ఒకే చోట నుంచి చూసుకునే సాఫ్ట్‌వేర్) లేదు, రెండూ విడివిడిగానే నడుస్తున్నాయి. పాత హోస్ట్‌లో ఉన్న వీఎంలని (వర్చువల్ మెషీన్లని) కొత్తగా ఇచ్చిన హోస్ట్‌కి మార్చాలి (కొత్తది అంటే మాకు కొత్త, వేరే బ్రాంచ్‌లో వాడిన సర్వరే). వీఎం ఆపేసి విన్‌ఎస్సీపీతో (పీసీ నుంచి ఎస్ఎస్‌హెచ్ మీద ఫైళ్ళు కాపీ చేసే ప్రోగ్రామ్) వీఎండీకే ఫైళ్ళు (వీఎంల డిస్క్ ఫైళ్ళు) కాపీ చేస్తుంటే సెకనుకి 18 ఎంబీ, ఒక్కోసారి 12కి కూడా పడిపోతోంది. 400 జీబీ డిస్క్ ఒక్కటే ఆరు గంటలకు పైన పడుతుంది ఈ లెక్కన. రెండిటిలోనూ 10 గిగ్ కార్డులు ఉన్నాయి, స్విచ్ కూడా 10 గిగ్. కేబుల్ మార్చాను, స్విచ్‌లో పోర్ట్ మార్చాను, ఏం తేడా లేదు. వీఎంల లోపల మాత్రం యూజర్లు ఎవరూ స్లో అని అనట్లేదు. ఆదివారం లోపు పని అవ్వాలి, ఎక్కడ మొదలుపెట్టాలో చెప్పండి ప్లీజ్.

నెట్‌వర్క్_గుంటూరు
బ్రదర్, ఎంటీయూ (ఒక్క ప్యాకెట్‌లో పట్టే గరిష్ట సైజు, బైట్లలో) 9000 పెట్టారా? వీస్విచ్‌లో (హోస్ట్ లోపలి వర్చువల్ స్విచ్), వీఎంకెర్నల్ పోర్ట్‌లో (హోస్ట్ తన సొంత ట్రాఫిక్‌కి వాడేది), ఫిజికల్ స్విచ్‌లో మూడు చోట్లా ఒకేలా ఉండాలి, ఒక్క చోట 1500 ఉన్నా పెద్ద ప్యాకెట్లు పోవు. మా దగ్గర ఐస్కజీకి (నెట్‌వర్క్ మీద నడిచే స్టోరేజ్) అలాగే సెట్ చేశాం.

స్టోరేజ్_పిచ్చోడు
గుంటూరు గారు చెప్పింది ఐస్కజీకి కరెక్టే గానీ ఇక్కడ ముందే ఎంటీయూ ముట్టుకోవద్దని నా మాట, ఎందుకంటే 1500 తోనే 1 గిగ్ లింక్ మీద సెకనుకి 110 ఎంబీ దాకా వస్తుంది, జంబో (9000 ఎంటీయూ) వల్ల దాని మీద పెరిగేది కొంచెమే, 18ని 100 చెయ్యదు. పైగా పని మధ్యలో మేనేజ్‌మెంట్ పోర్ట్ ఎంటీయూ మార్చి హోస్ట్ అందకుండా పోతే ఆదివారం కాదు సోమవారం కూడా అవ్వదు.

విశాఖ అన్నా, ముందు ఒకటి చూడండి. మీ 10 గిగ్ కార్డు ఏ వీస్విచ్‌కి తగిలించి ఉంది? విన్‌ఎస్సీపీ కాపీ వెళ్ళేది వీఎంకే0 మీద, అంటే మేనేజ్‌మెంట్ పోర్ట్ మీద. చాలా చోట్ల వీఎంకే0 బోర్డు మీద ఉన్న 1 గిగ్ పోర్ట్‌లోనే ఉండిపోతుంది, 10 గిగ్ కార్డు వీఎంల ట్రాఫిక్‌కి మాత్రమే ఇస్తారు. అప్పుడు ఎన్ని కేబుళ్ళు మార్చినా కాపీ 10 గిగ్ దారిలోకి రాదు. పైగా విన్‌ఎస్సీపీ అంటే డేటా పాత హోస్ట్ నుంచి మీ పీసీకి వచ్చి మళ్ళీ కొత్త హోస్ట్‌కి వెళ్తుంది, దానికి తోడు ఎస్ఎస్‌హెచ్ ఎన్‌క్రిప్షన్ ఒక్క సీపీయూ కోర్ మీదే నడుస్తుంది, అందుకే 1 గిగ్‌ని కూడా పూర్తిగా నింపదు చాలాసార్లు.

కానీ ఇవన్నీ కలిపినా 18 చాలా తక్కువ, ఇంకేదో ఉంది. కాబట్టి కాపీని ముక్కలు చేసి కొలవండి. పాత హోస్ట్ నుంచి మీ పీసీకి (ఎస్ఎస్‌డీ ఉన్న పీసీ) ఒక 10 జీబీ ఫైల్ దించండి, స్పీడ్ రాసుకోండి. అదే ఫైల్ పీసీ నుంచి కొత్త హోస్ట్‌కి ఎక్కించండి. తర్వాత కొత్త హోస్ట్ నుంచి మళ్ళీ పీసీకి దించండి. మూడు నంబర్లు ఇక్కడ పెట్టండి. ఎక్కించేటప్పుడు కొత్త హోస్ట్‌లో ఎస్ఎస్‌హెచ్‌లో ఈఎస్ఎక్స్‌టాప్ (హోస్ట్ పనితీరు చూపే కమాండ్) తెరిచి యు నొక్కితే డిస్క్ పేజీ వస్తుంది, అందులో డీఏవీజీ (డిస్క్ ఒక్కో పనికి జవాబివ్వడానికి పట్టే సగటు సమయం) ఎంత ఉందో చూడండి, అది మిల్లీసెకన్లలో ఉంటుంది, 20-25 పైన అదే పనిగా ఉంటే డిస్క్ వైపే తేడా.

విశాఖ_అడ్మిన్
థాంక్స్ అన్నా. మీరన్నట్టే వీఎంకే0 రెండు హోస్టుల్లోనూ 1 గిగ్ పోర్ట్ మీదే ఉంది. నంబర్లు ఇవి (సెకనుకి ఎంబీ): పాత హోస్ట్ నుంచి పీసీకి 68, కొత్త హోస్ట్ నుంచి పీసీకి 71, పీసీ నుంచి కొత్త హోస్ట్‌కి మాత్రం 17. ఎక్కిస్తున్నంత సేపూ డీఏవీజీ 200 పైనే ఉంది. అంటే ఇది నెట్‌వర్క్ కాదా?

స్టోరేజ్_పిచ్చోడు
కాదు. అదే కేబుల్, అదే స్విచ్, అదే ఎస్ఎస్‌హెచ్, కొత్త హోస్ట్ నుంచి చదివితే 71 వస్తోంది, దానికే రాస్తే 17. రాయడం దగ్గరే ఆగుతోంది. సర్వర్ మేనేజ్‌మెంట్ పేజీలోకి వెళ్ళి రెయిడ్ కంట్రోలర్ (డిస్కులన్నిటినీ కలిపి నడిపే కార్డు) బ్యాటరీ స్టేటస్, వర్చువల్ డిస్క్ రైట్ పాలసీ చూడండి. బ్యాటరీ పోతే కంట్రోలర్ రైట్ బ్యాక్ (ముందు తన క్యాష్‌లో రాసుకుని సరే అనడం) ఆపేసి రైట్ త్రూ లోకి వెళ్ళిపోతుంది, అంటే ప్రతి రైట్ నేరుగా డిస్క్ మీద పడ్డాకే సరే అంటుంది. విండోస్, లినక్స్ అయితే ర్యామ్‌లో కొంత దాచుకుని మనకి వేగంగా కనిపిస్తాయి, ఈఎస్ఎక్స్ఐ అలా రైట్స్‌ని ర్యామ్‌లో దాచదు, అందుకే కంట్రోలర్ క్యాష్ పోతే ఇక్కడ దెబ్బ నేరుగా తెలుస్తుంది. రెయిడ్ 5 అయితే ఇంకా ఘోరం, చిన్న రైట్ ఒక్కటి చెయ్యాలంటే పాత డేటా చదవాలి, పారిటీ (డిస్క్ పోతే డేటా తిరిగి తెచ్చుకోవడానికి ఉంచే లెక్క) చదవాలి, మళ్ళీ రెండూ రాయాలి, మొత్తం నాలుగు పనులు.

విశాఖ_అడ్మిన్
రెయిడ్ 5 యే, 7200 ఆర్పీఎం డిస్కులు. బ్యాటరీ ఫెయిల్డ్ అని ఎర్రగా చూపిస్తోంది, పాలసీ రైట్ త్రూ! ఆ బ్రాంచ్ నుంచి వచ్చేటప్పుడే అలా ఉన్నట్టుంది, లాగ్‌లో పాత వార్నింగులు ఉన్నాయి. పాలసీలో బ్యాటరీ లేకపోయినా రైట్ బ్యాక్ అని ఒక ఆప్షన్ కనిపిస్తోంది. యూపీఎస్ ఉంది కదా, అది పెట్టేసి పని కానిచ్చేయనా?

డీబీఏ_హన్మకొండ
మధ్యలో వస్తున్నందుకు ఏమనుకోకండి, దయచేసి అది మాత్రం పెట్టొద్దు. యూపీఎస్ కరెంటు పోవడం దాకానే కాపాడుతుంది, సర్వర్ పవర్ సప్లై పోయినా, ఎవరైనా ర్యాక్ వెనక ప్లగ్ పీకినా క్యాష్‌లో ఉన్న డేటా పోతుంది, పోయింది ఏ వీఎం డేటాబేస్‌దో కూడా ముందు తెలీదు. ఖాళీ హోస్ట్ మీద కాపీ వరకే అయితే, సోర్స్ ఫైళ్ళు పాత హోస్ట్‌లో చెక్కుచెదరకుండా ఉంటే అప్పుడు ఆలోచించొచ్చు, కానీ వీఎంలు ఆన్ చేసే ముందు వెనక్కి మార్చెయ్యాలి. ఆ వెనక్కి మార్చడమే జనం మర్చిపోతారు.

స్టోరేజ్_పిచ్చోడు
డీబీఏ గారి మాటే నాది కూడా. బ్యాటరీ ఆర్డర్ పెట్టండి. ఈలోపు ఇంకో విషయం, మీ వీఎండీకేలు థిన్ (వాడినంత చోటే తీసుకునేవి) అయితే ఎస్సీపీతో కాపీ చేస్తే మొత్తం సైజు కాపీ అవుతుంది, వాడింది 90 జీబీ అయినా 400 వెళ్తుంది. రెండు హోస్టులకీ ఒకే ఎన్ఎఫ్ఎస్ షేర్‌ని (నెట్‌వర్క్ మీద పంచుకునే ఫోల్డర్) డేటాస్టోర్‌గా తగిలించి వీఎంకేఎఫ్ఎస్‌టూల్స్‌తో (ఈఎస్ఎక్స్ఐలోనే ఉండే డిస్క్ కమాండ్) థిన్‌గా క్లోన్ చేస్తే అందులో సగం బాధ తప్పుతుంది. స్నాప్‌షాట్లు (వీఎం పాత స్థితిని దాచి ఉంచినవి) ఉంటే ముందు తీసెయ్యండి.

విశాఖ_అడ్మిన్
అప్‌డేట్: బ్యాటరీ లోకల్‌గానే దొరికింది, వేసి ఛార్జ్ అయ్యాక రైట్ బ్యాక్ దానంతట అదే వచ్చింది. పీసీ నుంచి ఎక్కిస్తే ఇప్పుడు 66, డీఏవీజీ 10 లోపే ఉంటోంది. పెద్ద డిస్కులు ఎన్ఎఫ్ఎస్ మీదుగా థిన్‌గా పంపుతున్నా, 400 జీబీ అనుకున్నది నిజంగా 130 చిల్లరే ఉంది. మేనేజ్‌మెంట్ పేజీలో బ్యాటరీ ఫెయిల్ అయితే మెయిల్ వచ్చేలా రెండు సర్వర్లకీ పెట్టాను. అందరికీ చాలా థాంక్స్.

నెట్‌వర్క్_గుంటూరు
సూపర్ బ్రదర్. ఆ మెయిల్ అలర్ట్ పెట్టారు కాబట్టి చెప్తున్నా, కొన్ని కంట్రోలర్లు అప్పుడప్పుడు బ్యాటరీని తామే డిశ్చార్జ్ చేసి మళ్ళీ ఛార్జ్ చేసుకుంటాయి, లెర్న్ సైకిల్ అంటారు, ఆ టైమ్‌లో కాసేపు రైట్ త్రూ అని మెయిల్ వస్తే కంగారు పడకండి. అది బ్యాకప్ టైమ్‌లో పడకుండా షెడ్యూల్ మార్చుకోవచ్చేమో మీ మోడల్‌లో చూడండి.