సంక్రాంతి సెలవుల్లో పిల్లలకు స్కీయింగ్ మొదలుపెట్టించవచ్చా? గుల్మార్గ్, ఔలీ, సోలంగ్‌లలో ఏది మేలు?

నల్లగొండ తండ్రి (ప్రశ్న)

అందరికీ నమస్కారం. మాది నల్లగొండ. మా అబ్బాయికి ఏడేళ్లు, రెండో తరగతి చదువుతున్నాడు. పాపకు ఈమధ్యే నాలుగు నిండాయి. గుల్మార్గ్‌లో జరిగిన శీతాకాల క్రీడలను టీవీలో చూసినప్పటి నుంచి అబ్బాయి స్కీయింగ్ (కాళ్లకు స్కీలనే పొడవాటి పలకలు కట్టుకుని మంచుమీద జారే ఆట) నేర్చుకుంటానని పట్టుబట్టి కూర్చున్నాడు. అన్న ఏది చేస్తే అది తానూ చేయాలన్నది పాప పట్టుదల. నాకూ మా ఇంటావిడకూ మంచు అంటే హైదరాబాద్ స్నో వరల్డ్‌లో చూసినదే.

చలికాలంలో బడికి వరుసగా సెలవులు దొరికేది సంక్రాంతికే కాబట్టి జనవరి రెండో వారంలో వెళ్లాలనుకుంటున్నాము. ఆ సమయం పిల్లలకు తగినదేనా, నాలుగేళ్ల పాపకు నేర్పించడం తొందరపాటు అవుతుందా, ఎన్ని రోజులు ఉంటే పిల్లలకు కాస్తయినా పట్టుబడుతుంది అన్నవి నా సందేహాలు. గుల్మార్గ్ గండోలాలో (కొండమీదికి తీగల మీద పోయే కేబుల్ కారు) పైదాకా వెళ్లి రావాలని కూడా ఉంది. పిల్లలతో వెళ్లి వచ్చినవారు ఉంటే దయచేసి వివరంగా చెప్పగలరు.

జడ్చర్ల ప్రయాణికుడు

ముందు సమయం సంగతి చెబుతాను, ఎందుకంటే మిగిలినవన్నీ దానిమీదే ఆధారపడి ఉన్నాయి. కశ్మీరులో డిసెంబరు 21 నుంచి నలభై రోజుల కాలాన్ని చిల్లాయి కలాన్ అంటారు. ఏడాదిలో అతి తీవ్రమైన చలి అప్పుడే. మన సంక్రాంతి సరిగ్గా దాని నడుమ పడుతుంది. గుల్మార్గ్‌లో ఆ రోజుల్లో రాత్రి ఉష్ణోగ్రత మైనస్ పది దాకా దిగడం మామూలు విషయం. పోనీ అంత చలికి ఓర్చినా మంచు ఉంటుందన్న భరోసా లేదు. 2024 జనవరిలో నెలాఖరు దాకా గుల్మార్గ్ వాలులు దాదాపు బోసిగానే ఉన్నాయి, చాలామంది బుకింగులు రద్దు చేసుకున్నారు. 2025లోనైతే ఫిబ్రవరిలో జరగవలసిన ఖేలో ఇండియా శీతాకాల క్రీడల పోటీలు కూడా మంచు చాలక మార్చికి వాయిదా పడ్డాయి. అందువల్ల రెండో తరగతి పిల్లవాడికి ఒక వారం బడి పోయినా ఫరవాలేదనుకుంటే ఫిబ్రవరి రెండో సగాన్ని ఎంచుకోండి, రద్దు చేసుకుంటే డబ్బు తిరిగి వచ్చే గదులనే తీసుకోండి. పగటి వేళ ఎండ కాస్తుంది, అప్పటికి మంచు కూడా పేరుకుని ఉండే అవకాశం ఎక్కువ.

ఇక స్థలం. చిన్నపిల్లలతో మొదటిసారి వెళ్లేవారు కొండ ఎంత ఎత్తున్నదని కాక, కొత్తవాళ్లు జారే వాలు బసకు ఎంత దగ్గరలో ఉన్నదని చూడాలి. గుల్మార్గ్ సుమారు 2,650 మీటర్ల ఎత్తున ఉన్న విశాలమైన పచ్చిక మైదానం. వేసవిలో గోల్ఫ్ ఆడే ఆ మైదానం అంచుల్లోని చిన్న చిన్న వాలులే శీతాకాలంలో కొత్తవాళ్లు నేర్చుకునే చోటు. హోటళ్ల నుంచి అక్కడికి నడిచి పోవచ్చు. పిల్లవాడు ఏడుపు మొదలుపెడితే ఐదు పది నిమిషాల్లో గదికి చేరగలగడం ఎంత సౌకర్యమో వెళ్లినవారికి తెలుస్తుంది.

ఉత్తరాఖండ్‌లోని ఔలీ వాలులు కూడా నేర్చుకునేవారికి చక్కగా పనికొస్తాయి, గఢ్వాల్ మండల్ వికాస్ నిగమ్ అక్కడ శిక్షణ తరగతులు నడుపుతుంది. కాని రిషికేశ్ నుంచి జోషీమఠ్ దాకా సుమారు 250 కిలోమీటర్ల కొండదారి, మలుపులకు పిల్లలు వాంతులు చేసుకోవడం ఖాయం. పైగా 2023 జనవరిలో జోషీమఠ్‌లో నేల కుంగినప్పుడు అక్కడి నుంచి ఔలీకి వెళ్లే రోప్‌వేను ఆపివేశారు. మనాలీ దగ్గరి సోలంగ్‌లో స్కీయింగ్ నేర్పేవారు ఉన్నారు గాని, ట్యూబుల మీద జారేవారు, ఫొటోలు దిగేవారు, గుర్రాలవారు అందరూ అదే వాలు మీద కలిసిపోతారు. అందుకే నా ఓటు గుల్మార్గ్‌కే.

ప్రయాణం విషయంలో కొన్ని మాటలు. మన ప్రీపెయిడ్ సిమ్ములు జమ్మూ కశ్మీరులో పనిచేయవు కాబట్టి ఇద్దరిలో ఒకరికైనా పోస్ట్‌పెయిడ్ కనెక్షన్ ఉండాలి. మంచు పడిన రోజున గుల్మార్గ్‌కు కింద ఉన్న తంగ్‌మార్గ్ దగ్గర వాహనాలను ఆపి, చక్రాలకు గొలుసులు కట్టినవాటినీ ఫోర్ వీల్ డ్రైవ్ బండ్లనూ మాత్రమే పైకి వదులుతారు, దాన్ని ముందే డ్రైవరుతో మాట్లాడుకోండి. 2025 ఏప్రిల్‌లో పహల్గాం దాడి తరువాత కశ్మీరులో చాలా పర్యాటక స్థలాలను కొంతకాలం మూసివేశారు. టికెట్లు కొనేముందు ప్రభుత్వ సూచనలు ఒకసారి చూడండి. అన్నట్టు, మా జడ్చర్ల మీదుగా పోయే 44వ నంబరు జాతీయ రహదారి మొదలయ్యేది శ్రీనగర్‌లోనే. ఆ ఉత్సాహంలో పిల్లలను కారులో ఎక్కించుకుని బయలుదేరవద్దు.

పాలమూరు పిల్లల డాక్టరు

ప్రశ్నలో గండోలా పైదాకా వెళ్లాలని ఉంది కాబట్టి రాస్తున్నాను. ఎత్తు వల్ల వచ్చే అస్వస్థత సాధారణంగా 2,500 మీటర్లు దాటాక మొదలవుతుంది, అంటే గుల్మార్గ్ చేరడంతోనే మీరు ఆ గీత దాటుతారు. గండోలా మొదటి దశ కోంగ్‌డూరి దాకా, సుమారు 3,080 మీటర్లకు తీసుకెళ్తుంది. రెండో దశ అఫర్వాత్ కొండమీద సుమారు 3,980 మీటర్ల దాకా పోతుంది. మనలాంటి తక్కువ ఎత్తున్న ప్రాంతాల్లో పెరిగిన పిల్లలను ఒకే రోజు అంత పైకి తీసుకెళ్లడం మంచిది కాదు. సుమారు 1,600 మీటర్ల ఎత్తున్న శ్రీనగర్‌లో ఒక రాత్రి ఆగండి. గుల్మార్గ్ చేరిన రోజున పిల్లలను మంచులో ఆడుకోనివ్వండి చాలు, స్కీలు కట్టవద్దు. మొదటి దశకు రెండు మూడు రోజుల తరువాత, పిల్లలు హుషారుగా ఉంటేనే వెళ్లండి. రెండో దశను పాప విషయంలో పూర్తిగా మానుకోండి.

పెద్దవాళ్లయితే తలనొప్పి అని చెప్పగలరు. నాలుగేళ్ల పిల్ల చెప్పలేదు. అన్నం వద్దంటుంది, ఊరికే చికాకు పడుతుంది, ఆట మానేస్తుంది, వాంతి చేసుకుంటుంది, రాత్రి నిద్రపోదు. కొత్త చోటు కదా అని సరిపెట్టుకోకుండా, వేరే కారణం కనిపించనంతవరకు అది ఎత్తు ప్రభావమేనని అనుకుని ఆ రోజు ఇంకా పైకి వెళ్లకూడదు. తగ్గకపోగా ఎక్కువవుతుంటే తెల్లవారేదాకా చూడకుండా శ్రీనగర్‌కు దిగిపోవాలి. గుండె జబ్బు, ఆస్తమా, రక్తహీనత ఉన్న పిల్లలను ముందుగా డాక్టరుకు చూపించాలి. కుటుంబంలో సికిల్ సెల్ (ఎర్ర రక్తకణాలు కొడవలి ఆకారంలోకి మారే వంశపారంపర్య జబ్బు) ఉన్నట్టయితే తప్పనిసరిగా రక్తపరీక్ష చేయించండి, ఎందుకంటే ఆ లక్షణం మోస్తూ మామూలుగా తిరిగేవారికి కూడా ఎత్తైన చోట్ల ప్లీహం దెబ్బతినే ప్రమాదం ఉంది.

చలిని గురించి అందరూ జాగ్రత్త చెబుతారు గాని ఎండను మరిచిపోతారు. తాజా మంచు తనమీద పడిన అతినీలలోహిత కిరణాల్లో ఎనభై శాతం దాకా తిరిగి పైకి కొడుతుంది. అందువల్ల గాగుల్స్ లేకుండా పిల్లలను వాలు మీదికి పంపవద్దు; సన్‌స్క్రీన్ ముక్కు కింద, గడ్డం కింద కూడా రాయండి. ముక్కు చివర, చెవి తమ్మెలు తెల్లగా పాలిపోతే వెంటనే లోపలికి తీసుకెళ్లి వెచ్చని అరచేతులతో కప్పండి, రుద్దకూడదు. మరొకటి, గదిలో బొగ్గుతోగాని గ్యాస్‌తోగాని మండే హీటరు ఉంటే దాన్ని రాత్రంతా వెలిగించి, కిటికీలన్నీ బిగించి పడుకోవద్దు. కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన ఉండదు, నిద్రలోనే ప్రాణం తీస్తుంది.

మిర్యాలగూడ అమ్మ

నమస్తే అన్నగారూ. ఉద్యోగరీత్యా కొన్నేళ్లు అమెరికాలో ఉన్నప్పుడు మా పిల్లలిద్దరూ అక్కడ స్కీయింగ్ నేర్చుకున్నారు, ఆ తరువాత గుల్మార్గ్ కూడా వెళ్లాము. నేర్పించే తీరు గురించి నేను చెబుతాను.

నాలుగేళ్లకు మొదలుపెట్టించవచ్చు, అయితే మీరు ఆశించేది వేరుగా ఉండాలి. ఏడేళ్లవాడు చెప్పింది విని చేస్తాడు. నాలుగేళ్ల పిల్ల చూసి చేస్తుంది, విసుగు పుట్టగానే మంచులో కూర్చుండిపోతుంది. పాపకు పూటకు గంట, అదీ ఉదయం వేళ చాలు. బాబు ఉదయం ఒకసారి, భోజనం అయ్యాక ఒకసారి చేయగలడు. సాయంత్రం అలసిన కాళ్లతో ఇంకొక్కసారి అన్నప్పుడే దెబ్బలు తగులుతాయి. చాలామంది పిల్లలకు మూడో రోజున గాని కాళ్లు మాట వినవు. కాబట్టి ప్రయాణపు రోజులు కాకుండా మంచు మీద కనీసం నాలుగు రోజులు ఉండేలా చూసుకోండి.

మంచి ఇన్‌స్ట్రక్టర్ ఎవరో మొదటి గంటలోనే తెలిసిపోతుంది. ముందు బూట్లు మాత్రమే వేసి చదును నేలమీద నడిపిస్తాడు, తరువాత ఒక్క స్కీ కట్టి రెండో కాలితో నెట్టుకుంటూ జారమంటాడు, ఆపైన రెండూ కట్టి, కింద తనంతట తానే ఆగిపోయేంత సమతలం ఉన్న చిన్న వాలు మీద వదులుతాడు. స్కీల ముందు కొనలను దగ్గరికి తెచ్చి వెనుక భాగాలను ఎడంగా నెట్టితే వేగం తగ్గుతుంది. పిల్లలకు దాన్ని పిజ్జా ముక్క అని చెప్పి నేర్పుతారు. ఆగడం వచ్చాకే మలుపు, మలుపు వచ్చాకే లిఫ్టు. మొదటి గంటలోనే పైకి తీసుకెళ్లి వదిలేవాడు, చేతికి కర్రలిచ్చేవాడు దొరికితే మర్యాదగా డబ్బిచ్చి పంపేయండి. చిన్నపిల్లలకు మొదట్లో కర్రలు అడ్డమే. నడుముకు తాడు కట్టి వెనుక నుంచి పట్టుకునే పద్ధతి నాకు నచ్చదు, పిల్లలు దానిమీద వెనక్కి వాలడానికి అలవాటు పడతారు. స్కీల ముందు కొనలను కలిపి ఉంచే రబ్బరు క్లిప్పు అంతకంటే నయం. కేంద్ర పర్యాటక శాఖ కింద నడిచే స్కీయింగ్, పర్వతారోహణ సంస్థ గుల్మార్గ్‌లోనే ఉంది. కాని జట్టుగా, నిర్ణీత వేళలతో సాగే శిక్షణ నాలుగేళ్ల పాపకు కుదరదు, ఆమెకు విడిగా ఒకరిని మాట్లాడుకోండి.

సామాను అద్దెకు దొరుకుతుంది, చిన్న సైజులు మాత్రం తక్కువ. స్కీ బూట్ల కొలత పాదం పొడవును సెంటీమీటర్లలో చెబుతుంది కాబట్టి పిల్లలను కాగితంమీద నిలబెట్టి పాదాలు కొలిచి, ఎత్తు, బరువు కూడా రాసుకుని, అద్దె దుకాణానికి ముందుగానే ఫోను చేయండి. స్కీలు నిలబెడితే పిల్లల ఛాతీకీ గడ్డానికీ మధ్యకు రావాలి. బూటు నుంచి స్కీని విడిపించే బైండింగును పిల్లల బరువుకు తగ్గట్టు మీ కళ్లముందే బిగించమనండి. అది పెద్దవాళ్ల బరువుకు బిగించి ఉంటే పడ్డప్పుడు ఊడదు, మోకాలు మెలిపడుతుంది. బూటులోకి ఒక్క జత పల్చని ఉన్ని మేజోళ్లు చాలు; రెండు జతలు వేస్తే రక్తం ఆడక వేళ్లు ఇంకా చల్లబడతాయి. ఒంటిమీద నూలు బనియన్లు వద్దు, చెమటకు తడిసి చలి పుట్టిస్తాయి. థర్మల్స్, వాటిమీద ఫ్లీస్, ఆపైన నీరు దిగని కోటు, ప్యాంటు వేయండి. వేళ్లన్నీ కలిసి ఉండే చేతిసంచుల్లాంటి తొడుగులు రెండేసి జతలు కొనండి, ఒకటి ఎలాగూ తడుస్తుంది. ఇవీ, స్కీ హెల్మెట్టూ హైదరాబాద్‌లో పెద్ద క్రీడా దుకాణాల్లో వెతకండి. సైకిల్ హెల్మెట్టు దీనికి పనికిరాదు.

ఇప్పటి నుంచి చేయగలిగింది ఒకటుంది. అబ్బాయిని మీ ఊరిలో స్కేటింగ్ తరగతిలో చేర్పించండి. మోకాళ్లు వంచి, బరువు ముందుకు వేసి, జారుతూ నిలదొక్కుకోవడం అక్కడే వస్తుంది, పడటమంటే భయం కూడా పోతుంది. సెలవు రోజుల్లో లతీఫ్‌సాబ్ గుట్ట ఎక్కిదిగితే తొడల్లో బలం వస్తుంది, అది మీ ఇద్దరికీ అవసరమే.

దుబాయిలో ఉన్న వనపర్తి వాసి

పై సలహాలన్నీ బాగున్నాయి గాని, ఇంత ఏర్పాటు చేసుకుని వెళ్లాక మంచు లేకపోతే పిల్లలకు ఏం చెబుతారు? శంషాబాద్ నుంచి దుబాయికి నాలుగు గంటల నేరు విమానం. మాల్ ఆఫ్ ది ఎమిరేట్స్‌లో 2005 నుంచి నడుస్తున్న స్కీ దుబాయిలో పిల్లలకు వేరే తరగతులున్నాయి, కోటు, ప్యాంటు, బూట్లు టికెట్టుతోనే ఇస్తారు. ఎత్తు సమస్య లేదు. దసరా సెలవుల్లోనైనా వెళ్లవచ్చు. అన్నింటికంటే పొడవైన వాలు 400 మీటర్లే, కొత్తవాళ్లకు అంతకంటే అక్కర లేదు. పిల్లలకు ఇష్టం కలిగిందో లేదో అక్కడ తేలాక కశ్మీరు ఆలోచించండి.

మిర్యాలగూడ అమ్మ

ఆయన చెప్పిందీ కొట్టిపారేయలేము. పాస్‌పోర్టులు సిద్ధంగా ఉండి, అక్కడ బంధువులెవరైనా ఉంటే తప్పక ప్రయత్నించండి. కాని నలుగురికి విమానం, వీసా, రోజూ తరగతుల రుసుము కలుపుకుంటే కశ్మీరు ఖర్చును దాటవచ్చు. కప్పు కింద రెండు గంటలు జారినదానికీ, ఆరుబయట మంచులో రోజంతా పిల్లలు పొర్లినదానికీ పోలిక లేదు.

నల్లగొండ తండ్రి

అందరికీ కృతజ్ఞతలు. సంక్రాంతి ఆలోచన విరమించుకున్నాము. ఫిబ్రవరి మూడో వారంలో వెళ్లేలా, శ్రీనగర్‌లో ఒక రాత్రి, గుల్మార్గ్‌లో ఆరు రాత్రులు ఉండేలా చూస్తున్నాము. బడిలో హెడ్‌మాస్టరు గారితో మాట్లాడాలి. అఫర్వాత్ దాకా వెళ్లడం మానుకున్నాము. సికిల్ సెల్ పరీక్ష కూడా చేయిస్తాము, మా అత్తగారి తరఫున ఒకరికి ఉన్నట్టు విన్నాము. ఇంకొక్క సందేహం: పిల్లలతోపాటు మేమిద్దరమూ నేర్చుకోవచ్చా?

మిర్యాలగూడ అమ్మ

నేర్చుకోవచ్చు, కాని ఇద్దరూ ఒకేసారి వద్దు. స్కీలు కట్టుకున్న కొత్తవాడు పడిపోయిన పిల్ల దగ్గరికి పది అడుగులు కూడా ఎక్కిపోలేడు, కాబట్టి ఒకరు మామూలు బూట్లతో పాప వాలు కిందే ఉండాలి. ఉదయం పాప తరగతి అయ్యేదాకా మీరు అబ్బాయి జట్టులో నేర్చుకోండి, మధ్యాహ్నం పాప నిద్రపోయాక చెల్లెమ్మను పంపండి. మీరు అబ్బాయి ముందు పడుతూ లేస్తూ ఉంటే వాడికి అదే పెద్ద ధైర్యం. మీ ప్రయాణ బీమా కాగితాల్లో సాహస క్రీడలకు వర్తిస్తుందని రాసి ఉందో లేదో కూడా చూడండి, చాలావాటిలో దానికి విడిగా కట్టవలసి ఉంటుంది.