చెత్త రుసుము రద్దు: మంచి పనా, ఓట్ల పనా?

గోదావరి గట్టు:
మొన్న మన పురపాలక సంఘం సమావేశానికి వెళ్లి వెనక వరుసలో కూర్చున్నాను. రెండు గంటలు చెత్త బండ్ల మీదే గడిచింది. మరమ్మతులకు డబ్బు లేదని అధికారులు, మా వార్డుకు బండి రావడం లేదని కౌన్సిలర్లు. 2021 అక్టోబరు 2న క్లీన్ ఆంధ్రప్రదేశ్ పేరుతో బండ్లు తిప్పి, ఇంటింటికీ నెలనెలా రుసుము వసూలు చేశారు. 2024లో ప్రభుత్వం మారాక దాన్ని రద్దు చేశారు. నా మట్టుకు నాకు కొద్దిపాటి రుసుము ఉండాలనే అనిపిస్తుంది. ఊరికే వచ్చేదాన్ని ఎవరూ నిలదీసి అడగరు.

విశ్రాంత మాస్టారు:
ఇంటి పన్ను చట్టం ఎప్పుడైనా చదివారా? 1965 నాటి పురపాలక చట్టంలోనే ఆస్తి పన్ను కింద సాధారణ పన్ను, నీరు–మురుగు, దీపాలు, పారిశుద్ధ్యం అని పద్దులు వేరుగా ఉన్నాయి. పారిశుద్ధ్యానికి ఒకసారి కట్టాక మళ్లీ రుసుమేమిటి? పైగా 2021 నుంచి అద్దె విలువ పోయి మూలధన విలువ మీద, అంటే ఆస్తి ఖరీదు మీద పన్ను వచ్చింది. పెంపు ఏడాదికి 15 శాతం దాటకూడదని పరిమితి పెట్టారట! నా పింఛను ఏటా 15 శాతం పెరుగుతోందా?

కొబ్బరిచెట్టు:
రుసుము ఉన్నప్పుడు మా వీధికి బండి వారానికి రెండుసార్లు. ఇప్పుడూ రెండుసార్లే.

గోదావరి గట్టు:
మాస్టారూ, ఆ పద్దు వీధులు ఊడ్చడానికీ కాలువల్లో పూడిక తీయడానికీ. గుమ్మం దగ్గరకు వచ్చి తీసుకెళ్లడం వేరే పని. 2016 ఘన వ్యర్థాల నిబంధనలు చూడండి, వినియోగ రుసుము వసూలు చేసుకోమని స్థానిక సంస్థలకు చెప్పింది కేంద్రమే. ఇది ఒక పార్టీ కనిపెట్టింది కాదు.

విశ్రాంత మాస్టారు:
పారిశుద్ధ్యమంటే చెత్త ఎత్తడం కాక మరేమిటి? హరికథలు చెప్పడమా? ఆ పద్దు కింద ఎంత వచ్చింది, ఎంత ఖర్చయింది, లెక్క చూపించమనండి. కేంద్రం నిధుల పంపకం చూసే 15వ ఆర్థిక సంఘం మన బోటి పట్టణాలకిచ్చిన నిధుల్లో 60 శాతం తాగునీటికీ పారిశుద్ధ్యానికే వాడాలన్నారు. అదేమైంది? 2022లో రెండు నెలల రుసుము ఆపినందుకు బండి మా గుమ్మం దాటి వెళ్లిపోయింది. సంక్రాంతి నాడు! ఇంటి నిండా చుట్టాలు, గుమ్మంలో రెండు బకెట్ల చెత్త.

సైకిలు షాపు:
మాస్టారి బకెట్లకూ 1965 చట్టానికీ సంబంధం ఏమిటో ఎవరైనా చెప్పండి.

నాలుగో వార్డు:
బండి మీ గుమ్మంలో ఎందుకు ఆగలేదన్నది మీ గొడవ. మా వాడలోకి బండి పట్టే దారే లేదు. మా అమ్మ పొరుగు సేవల కింద పారిశుద్ధ్య కార్మికురాలు. తెల్లవారుజామున వెళ్లి మీ వీధులు ఊడుస్తుంది. మా సందు చివర కుప్పను మాత్రం ఎత్తేవారు లేరు. 2023 డిసెంబరు 26న కార్మికులు సమ్మెకు దిగితే ఊరంతా కంపు కొడుతోందని గగ్గోలు పెట్టారు. మాకు ఆ కంపు కొత్త కాదు. ఆ సమ్మెతోనే జీతం 15,000, ఆరోగ్య భత్యం 6,000 కలిపి 21,000 ఇస్తామన్నారు. దానికీ కొందరు ‘చెత్త ఎత్తడానికి అంతా?’ అన్నారు.

విశ్రాంత మాస్టారు:
బాబూ, మీ అమ్మగారి పని మీద నాకు గౌరవమే. కానీ పన్ను కట్టే వీధికి బండి ముందు రావడం తప్పెలా అవుతుంది? మీ వాడలో ఎంతమంది ఇంటి పన్ను కడుతున్నారు?

నాలుగో వార్డు:
ఇదిగో, ఇప్పుడు బయటికి వచ్చింది. రుసుమా, పన్నా అని ఇంతసేపు చట్టాలు తిరగేశారు. మీ మనసులో ఉన్నది ఎవరి వీధి ముందు అన్నదే. మా రేకుల ఇంటికి పట్టా లేదు మాస్టారూ, పన్ను రసీదు ఉంది. కావాలంటే తెచ్చి చూపిస్తాను.

సైకిలు షాపు:
మాస్టారూ, ఆ ప్రశ్న అడగకుండా ఉండాల్సింది.

గోదావరి గట్టు:
ఒక మాట ఒప్పుకోవాలి. ఆ రోజు నాలుగో వార్డు కౌన్సిలర్ లేచి, సందుల్లోకి వెళ్లే తోపుడు బండి ఒకటి ఇప్పించమని అడిగారు. ‘తర్వాత చూద్దాం’ అన్నారు, అంతటితో సరి. రుసుము మీద ఎవరేమన్నారో నా పుస్తకంలో రెండు పేజీలు రాసుకున్నాను. తోపుడు బండి సంగతి రాసుకోలేదు. అయినా రుసుము ఉంటే ఆ బండి కొనడానికి డబ్బు ఉండేది కదా?

నాలుగో వార్డు:
రుసుము ఉన్న మూడేళ్లలో కొన్నారా?

విశ్రాంత మాస్టారు:
నేను వాడల గురించి చెడుగా అనలేదు. పద్దు లెక్క అడిగాను. ఇంకా ఎవరూ చెప్పలేదు.

కొబ్బరిచెట్టు:
తోపుడు బండి ఖరీదెంత ఉంటుంది?