పాత థర్మోస్టాట్ మారుస్తున్నా, గోడలో సి వైరు (థర్మోస్టాట్‌కి ఎప్పుడూ కరెంటు అందడానికి కావాల్సింది) లేదు. మీరేం చేశారు?

చలిదేశం_బాబాయ్
మాది మినియాపాలిస్ పక్కన పాత ఇల్లు, గ్యాస్ ఫర్నేస్ (ఇల్లంతా వేడిచేసే యంత్రం). హాల్లో దాన్ని నడిపే థర్మోస్టాట్ తెర మీద సగం అంకెలు కనిపించడం మానేశాయి, సరే అని వైఫై ఉన్న ఎకోబీ కంపెనీది తెచ్చాను. పాతదాని మూత ఊడదీస్తే నాలుగే వైర్లు, ఆర్ (కరెంటు), డబ్ల్యూ (హీటింగ్), వై (ఏసీ), జి (ఫ్యాన్). కొత్తదానికి సి కావాలట. కొత్త వైరు లాగడానికి ఒకాయన చెప్పిన రేటు వింటే ఆ డబ్బుతో ఇంకో థర్మోస్టాట్ వస్తుంది. బయట మైనస్‌లో ఉంది, ఇంట్లో చిన్నపిల్లలు, మధ్యలో హీటింగ్ ఆగిపోతే ఎలా అని టెన్షన్. సొంతంగా చేసుకున్నవాళ్లెవరైనా ఉంటే చెప్పండి.

గోదారోడు_డల్లాస్
బాబాయ్ గారూ, ముందు ఫర్నేస్ పక్కనుండే స్విచ్చి ఆపండి, ప్యానెల్లో బ్రేకర్ కూడా. ఈ వైర్లలో 24 వోల్టులే కదా ఏమవుతుందిలే అంటారు చాలామంది. మనకేం కాదు, నిజమే, కానీ కరెంటు ఉండగా ఆర్ వైరు కొస వెళ్లి సి కో, ఫర్నేస్ రేకుకో తగిలిందంటే ఫర్నేస్ లోపలి సర్క్యూట్ బోర్డు మీద ఫ్యూజు పోతుంది. కార్లలో వాడే బ్లేడు ఫ్యూజే అది, 3 లేదా 5 ఆంపియర్లు. పోతే కొత్త థర్మోస్టాట్ తెర నల్లగా ఉంటుంది, మనమేమో పీసు చెడ్డదని షాపుకి పరిగెడతాం. బోర్డు మీద ఎంత రాసుంటే అంతదే వేయాలి, 3 ఉన్నచోట 5 పెట్టకండి.

రెండోది, వైరు ఏ అక్షరం కింద ఉందో కనపడేలా ఫోటో తీసుకోండి. రంగులు నమ్మొద్దు. ఎర్రది ఆర్, తెల్లది డబ్ల్యూ అని అందరూ అంటారు గానీ కట్టినవాడు చేతికి ఏది దొరికితే అది బిగించి పోయిన ఇళ్లు బోలెడు.

రాలీ_రాణి
గోడ కన్నంలోంచి కేబుల్‌ని మెల్లగా ఒక అంగుళం బయటికి లాగి చూడండి అన్నయ్యా. మా ఇంట్లో నీలం వైరు వాడకుండా పైతొడుగు చుట్టూ చుట్టేసి లోపలికి తోసేశారు. అలా దొరికితే ఫర్నేస్ వైపు కూడా అదే వైరు వెతికి బోర్డు మీద సి కి బిగిస్తే చాలు.

చలిదేశం_బాబాయ్
లాగి చూశానమ్మా, లేదు. నాలుగంటే నాలుగే.

గోదారోడు_డల్లాస్
అయితే ఎకోబీ డబ్బాలో పవర్ ఎక్స్‌టెండర్ కిట్ అని చిన్న తెల్లపెట్టె ఉందేమో చూడండి, నాలుగు వైర్లతోనే సి పని కూడా జరిపించేది, కొన్ని మోడళ్లకి దాంతోనే ఇస్తారు. అది ఫర్నేస్ లోపల బోర్డు దగ్గర పెట్టాలి. అది పెట్టాక మాత్రం గోడ దగ్గర పాత ఫోటో ప్రకారం బిగించకండి, జి నుంచి వచ్చే వైరు సి లోకి పోతుంది, వై వైరు పెక్ (ఆ కిట్ పేరే పొట్టిగా) అని రాసున్న చోటికి, ఆర్ వైరు ఆర్‌సి లోకి, డబ్ల్యూ మామూలే. చాలామందికి తేడా వచ్చేది ఇక్కడే.

సర్క్యూట్_సుబ్బడు
కిట్ ఎందుకండీ, జి వైరునే సి గా వాడేస్తే పోలా? హీటింగప్పుడు ఫ్యాన్‌ని ఫర్నేసే తిప్పుకుంటుంది.

గోదారోడు_డల్లాస్
చలికాలానికైతే సరిపోతుంది సుబ్బడూ, ఎండాకాలం ఏసీ వేసినప్పుడు ఫ్యాన్ తిరగాలంటే ఫర్నేస్ బోర్డు మీద వై కీ జి కీ మధ్య చిన్న వైరుముక్క కలపాలి. పైగా ఫ్యాన్ ఒక్కటే వేసుకునే వీలుండదు. కిట్ ఊరికే వస్తుంటే ఈ తిప్పలు దేనికి?

రాలీ_రాణి
హీట్ పంపు (ఏసీలాంటిదే, తిరగేసి వేడి కూడా ఇస్తుంది) ఉన్నవాళ్లకి ఒక మాట, అమెరికాలో మా సౌత్ వైపు ఎక్కువ ఇళ్లకి అదే. వేడికీ చల్లదనానికీ మధ్య మార్చే వాల్వుకి ఓ/బి అని ఒక వైరుంటుంది. ఎక్కువ కంపెనీల వాటిలో ఆ వాల్వుకి కూలింగ్‌లో కరెంటు వెళ్తుంది (ఓ), రీమ్, రూడ్ కంపెనీల వాటిలో హీటింగ్‌లో (బి). సెట్టింగ్ తప్పితే హీట్ పెట్టినా చల్లగాలే వస్తుంది. వైర్లు పీకక్కర్లేదు, మెనూలో ఓ ని బి గా మారిస్తే సరిపోతుంది.

బోస్టన్_బుజ్జి
మా అపార్ట్‌మెంట్‌లో గోడ కింద పొడుగ్గా ఎలక్ట్రిక్ హీటర్లు. థర్మోస్టాట్ మూత తీస్తే లావుపాటి వైర్లు, టోపీల్లాంటి వైర్ నట్లు. అలా కనిపిస్తే అక్కడితో ఆపేయండి బాబూ, అది 120 గానీ 240 గానీ వోల్టుల లైను. ఎకోబీ, నెస్ట్ ఏవీ దానికి పనికిరావు, లైన్ వోల్టేజ్‌వి వేరే అమ్ముతారు. అద్దె ఇల్లయితే ఓనరుకి చెప్పండి.

ఇంకోటి, గుండ్రంగా ఉండే బాగా పాత రకంలో చిన్న గాజుగొట్టంలో పాదరసం ఉంటుంది. చెత్తబుట్టలో వేయకూడదు, ఊళ్లో ప్రమాదకర వ్యర్థాలు తీసుకునే చోట ఇవ్వాలి.

చలిదేశం_బాబాయ్
కిట్ పెట్టేశాను! స్విచ్చి వేస్తే మొదట తెర వెలగలేదు, ఫ్యూజు చూస్తే బాగానే ఉంది. ఇంతలో మా ఆవిడ ఫర్నేస్ తలుపు సరిగా పడలేదంది. తలుపు వెనక చిన్న బటన్ ఉంటుందట, అది నొక్కుకుంటేనే లోపలికి కరెంటు. తలుపు గట్టిగా నెట్టగానే తెర వెలిగింది, కాసేపటికి వెచ్చటిగాలి వచ్చింది. ఏసీ కూడా ఓసారి వేసి చూసేయనా, ఎలాగూ పని మీదున్నాను కదా?

గోదారోడు_డల్లాస్
వద్దు వద్దు. మైనస్‌లో కంప్రెసర్ తిప్పితే అది పాడవుతుంది. మే నెలలో కాస్త ఎండ వచ్చాక చూసుకోండి. అప్పుడు కూడా వేసిన వెంటనే రాకపోతే కంగారుపడకండి, కంప్రెసర్‌ని కాపాడ్డానికి థర్మోస్టాటే కొన్ని నిమిషాలు ఆపుతుంది.